రామనవమి పందిట్లో అరగంట

అచ్యుత్ అడిగింది అరగంటే. నగర్తపేట సంగీత సభవాళ్లు ఏటా రామనవమి పందిట్లో, పెద్ద కచేరీకి ముందు ఒక కుర్రవాడికి ఇచ్చే అరగంట. దానికోసం మూడేళ్లుగా తను వాయించిన క్యాసెట్లు ఇస్తున్నాడు. మూడేళ్లుగా అవి తిరిగొస్తున్నాయి.

మామూలు ఇంట్లో పుట్టి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఖర్మ కాలి వయొలిన్ వెంకటరాయప్ప కడుపున పుట్టాడు! బెంగళూరులో ఆయన కచేరీ అంటే పందిరి చాలక జనం రోడ్డు మీద కూచుంటారు. కొడుకు కనబడితే మాత్రం "అదిగో, పండితపుత్రుడు" అని ముసిముసిగా నవ్వుకుంటారు.

తొంభై ఎనిమిది రామనవమికి అచ్యుత్‌కి పాతికేళ్లు నిండుతాయి. ఆపైన కుర్రవాళ్ల లెక్కలోకి రాడు. ఇదే ఆఖరు. వేళ్లు కాయలు కాసేలా ఆర్నెల్లు సాధన చేసి, ఇంట్లోనే కల్యాణి రాగం రికార్డు చేశాడు. తన చెయ్యి అచ్చిరాదని భయం. అందుకని అమ్మ చేత కవర్లో పెట్టించి, అంటించి మరీ తీసుకెళ్లి సభలో ఇచ్చాడు.

మర్నాడే సెక్రటరీ ఓబళప్ప పిలిపించాడు.

"రెండుతూర్లు విన్నానప్పా. నీమీద నాకేం కోపం లేదు. కానీ కల్యాణి అంటే మీ నాయన వాయించాల. ఆయన తీగల మీద కమాను ఆనిస్తేనే ఒళ్లు ఝల్లుమంటాది. నీది వట్టి చేతిపని. ప్రాణం లేదు."

"ఇంకొక్కసారి వినండి సార్." అచ్యుత్ చేతులు జోడించాడు.

"ఎన్నిసార్లు విన్నా అంతే. ఆ చెయ్యి పుట్టుకతో రావాలప్పా."

అచ్యుత్ ఏడవలేదు. ఇంటికొచ్చి వయొలిన్ పెట్టె తీసుకున్నాడు. పక్కవీధి చర్చిలో పిల్లలకు సంగీతం నేర్పే మార్త టీచర్‌కు ఇచ్చేశాడు. ఆవిడ వద్దంటున్నా వినలేదు. రేపట్నుంచి మామ నడిపే కరెంటు సామాన్ల కొట్లో కూచుంటానని ఆయనకు ఫోన్ చేసి చెప్పాడు.

సాయంత్రం నాయనకు జరిగిందంతా చెప్పాడు. ఏ మూలో పిచ్చి ఆశ. "వాడికేం తెలుసురా" అని ఒక్క మాట అనకపోతాడా అని.

వెంకటరాయప్ప తాంబూలం నములుతూ విన్నాడు.

"ఓబళప్ప చెవి తప్పు చెప్పదురా. ప్రాణం లేదన్నాడంటే లేనట్టే. పోనీలే, కొట్లో కూచో."

అచ్యుత్ తల ఊపాడు. ఇంక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

శుక్రవారం కదా, దేవుడి పాటలు పెడదామని అప్పుడే టేప్‌రికార్డర్ తెరిచిన అమ్మ లోపల్నుంచి కేకేసింది: "అయ్యో అప్పా, నీ క్యాసెట్టు దీంట్లోనే ఉండాదే, అయితే నిన్న నేను కవర్లో పెట్టింది మీ నాయన వాయించిన కల్యాణి!"