ఐదు గంటలకల్లా గౌను

"కోస్తావా, దానికి దణ్ణం పెడతావా?" అంది కూతురు.

తల్లి కత్తెర పట్టుకుని, మంచం మీద పరిచిన నూలు గుడ్డ వైపు చూస్తూ పావుగంట నుంచి అలాగే నిలబడి ఉంది. తెల్ల గుడ్డ మీద సన్నటి నీలి గళ్లు. ఉన్నది మూడు మీటర్లు. అంతకు మించి అంగుళం లేదు.

"ఒకసారి కోశాక మళ్లీ అతకదే."

"అతక్కపోతే చేతుల్లేని గౌను వేసుకెళ్లు. ఎండాకాలమేగా."

"చేతులు ఉండి తీరాలంది ఆవిడ."

ఆవిడంటే రెండు వీధుల అవతల ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం యజమానురాలు. నోటి పదును చూసి వెనకాల అందరూ కత్తెరమ్మ అంటారు. కుట్టేవాళ్లు కావాలని దుకాణం ముందు అట్ట కట్టింది. తల్లి చేస్తున్న పని పోయి రెండు నెలలు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఈ రెండు నెలల్లో ఎక్కిన గుమ్మాల దగ్గర అందరూ మెత్తగా మాట్లాడి, చూద్దామని చెప్పి పంపేశారు. మెత్తగా మాట్లాడేవాళ్లు పని ఇవ్వరు. కత్తెరమ్మ మెత్తగా మాట్లాడలేదు.

"గౌను ఎప్పుడైనా కుట్టావా?" అని నిన్న అడిగింది.

"లేదండీ. ఇదే మొదలు."

"కోతలు కొయ్యలేదు, సంతోషం. నీ కొలతలకి నువ్వే కత్తిరించు, నువ్వే కుట్టు, అదే తొడుక్కుని రేపు ఐదింటికి రా. పనికొస్తావనిపిస్తే పెట్టుకుంటా. ఎవరిచేతైనా కుట్టించుకొచ్చావని తెలిసిందా, మళ్లీ ఈ మెట్లెక్కకు."

ఇప్పుడు పదకొండయింది. కూతురు ఫోనులో వీడియో ఆపి ఆపి చూపిస్తోంది. పాత వార్తాపత్రిక మీద ముందు భాగం, వెనక భాగం, చెయ్యి గీసి కత్తిరించారు. తల్లి ఊపిరి బిగబట్టి గుడ్డలోకి కత్తెర దింపింది. మెడ దగ్గర కత్తెర పక్కకి జారింది. గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది.

"తల పడుతుందిలే," అంది కూతురు.

చెయ్యి కాగితం పెట్టి ఒకటి కోసింది. అదే కాగితం పక్కకి జరిపి రెండోది కోసింది.

మిషన్ పై వాటా వాళ్లది. నాలుగింటికి తిరిగి ఇచ్చెయ్యాలి. కాలు ఆనించీ ఆనించకముందే అది ఇల్లు అదిరేలా పరిగెత్తింది.

"అమ్మా, మెల్లగా. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

"కాలు మాట వినటం లేదే."

కుట్టిన ముక్కను చూసుకోకుండానే ఎడమవైపుకి తోసేసింది. అది బల్ల దాటి నేల మీద పడింది.

"ఎక్కడికి విసురుతావు? అది మన గౌనే," అని కూతురు తీసి దులిపింది. "ఇన్నేళ్లకి నీకోసం ఒక్కటి కుట్టుకుంటున్నావు, కాస్త చూసి కుట్టు."

భుజం కుట్టు తిరగబడింది. విప్పారు. పక్క కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుడితే ఇంకో పక్కకి వంకర పోయింది. ఎడమ చెయ్యి ఎలా ఎక్కిందో ఎక్కేసింది. కుడి చెయ్యి ఎక్కనంటే ఎక్కనంది. ఎటు తిప్పి కుట్టినా భుజం ముందుకి గుంజేస్తోంది. మూడుసార్లు విప్పేసరికి అంచు పోగులు ఊడుతున్నాయి. గడియారం మూడున్నర చూపిస్తోంది. పొద్దున్నుంచి ఆమె గొంతులోకి మంచినీళ్లు తప్ప ఏమీ దిగలేదు.

"పోనీ నేను కుట్టనా?"

"ముట్టుకోకు."

"అయితే ఆవిడకి ఉన్నమాట చెప్పెయ్యరాదూ?"

"చెబితే నవ్వుతుంది," అంది తల్లి, నోట్లో దారం కొరుకుతూ. "అక్కడ కుట్టేవాళ్లందరి ముందూ నవ్వుతుంది."

ఐదింటికి ఐదు నిమిషాల ముందు, కుడి చెయ్యి ఒంటికి అతికించుకుని, దుకాణం మెట్లెక్కింది. లోపల నలుగురు ఆడవాళ్లు మిషన్ల మీద ఉన్నారు. కత్తెరమ్మ ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది.

"మెడ కోడిగుడ్డు. పక్క కుట్టు తాగినవాడి నడక. అడుగు మడత ఒకచోట బెత్తెడు, ఇంకోచోట వేలెడు. కుడి చెయ్యెత్తు."

ఎత్తింది. దాంతోపాటు గౌను మొత్తం మోకాళ్ల మీదికి లేచింది. మిషన్ల దగ్గర కిసుక్కుమన్నారు.

"రెండూ ఎడమ చేతులే కోశావే తల్లీ. రెండోది కోసేముందు కాగితం బోర్లించాలి." కత్తెరమ్మ కూడా నవ్వింది. "పోనీలే. మొదటి గౌనుకి నేనూ అదే చేశాను. పని నేర్పితే వస్తుంది, భయపడకు."

తల్లికి ఊపిరి ఆడింది. ఆ రోజంతటిలో అదే మొదటిసారి.

కత్తెరమ్మ ఎడమవైపుకి వచ్చింది. భుజం మీద వేలు పెట్టి కుట్టు వెంట జరిపింది. వేలు ఆగిపోయింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. ఎక్కడా ముడత లేదు. కుట్లన్నీ గింజల్లా ఒకే కొలత.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనేనండీ."

"నాకు చెప్పకు. నలభై ఏళ్లుగా కుడుతున్నా, నాకే ఇలా పడదు. పక్క కుట్టు అలా వేసినదానివి ఇది వేశావంటే నమ్మాలా? ఏ మాస్టరు కుట్టిపెట్టాడు?"

"ఎవరూ లేరండీ. ఒట్టు."

"పని రాకపోతే నేర్పుతాను. అబద్ధాలాడేవాళ్లని భరించలేను. వెళ్లు."

మిషన్లు ఆగిపోయాయి. నలుగురూ ఇటే చూస్తున్నారు. తల్లి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇరవై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో నాచేత ఎడమ చెయ్యి ఒక్కటే కుట్టించారండీ."