బెల్లం లేని ముద్ద

ఎంత ఊదినా పొయ్యి అంటుకోలేదు. విమల ఊదుగొట్టాన్ని కింద పడేసింది.

“పచ్చికట్టెలు తెచ్చినోడు ఎవడు? ముందు వాన్ని పొయ్యిల పెట్టాలె!”

రఘునాథపల్లి స్టేషన్ దగ్గర పట్టాల మీద వంటావార్పు. తెలంగాణ కోసం ఊరు ఊరంతా పట్టాల మీదికి వచ్చి కూర్చుంది. పైగా శివరాత్రి. పొద్దుటి నుంచి అందరూ ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టాక అందరికీ కందగడ్డ ముద్దలు పెట్టే పని విమలకు అప్పగించారు.

ఆమె మనసు పొయ్యి మీద లేదు.

హాస్టల్లో కొడుకు దయాకర్ పక్క మంచం పిల్లవాడు, తెలంగాణ ఇక రాదేమోనన్న దిగులుతో పోయిన వారం ప్రాణం తీసుకున్నాడు. నిన్న రాత్రి ఇంటికి వచ్చిన దయాకర్ ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లవారకముందే లేచి వెళ్లిపోయాడు. ఫోను దిండు కిందే ఉంది.

“జనగామ ర్యాలీకి పోయి ఉంటడక్కా. పోరగాండ్లంత అటే పోయిన్రు” అంది పక్కింటి శోభ.

“పోతే చెప్పి పోడా?”

పొయ్యి ఎట్టకేలకు అంటుకుంది. గడ్డలు ఉడికాక శోభ పొట్టు తీసి, బెల్లం అందుకుంది.

“జర ఎక్కువెయ్యి బిడ్డా!” జేఏసీ పెద్దమనిషి రాజలింగం టెంటులోంచి అరిచాడు.

“నీకు షుగరున్నది తాతా!”

“తెలంగాణ వచ్చినంక తగ్గించుకుంట తియ్యి!”

జనం నవ్వారు. విమల నవ్వలేదు.

అప్పుడే వచ్చాడతను. యాభై ఏళ్ల మనిషి. చెమటకు తడిసిన చొక్కా, చేతిలో ఖాళీ టిఫిన్ గిన్నె. మలుపు అవతల ఆగిపోయిన ప్యాసింజరు వైపు నుంచి నడిచి వచ్చాడు.

“అమ్మా, కొంచెం చిలగడదుంప పెడతారా?”

“కందగడ్డను చిలగడదుంపంటడు!” శోభ కిసుక్కున నవ్వింది. “ఏ ఊరు సారు మీది?”

“తెనాలి దగ్గరండి.”

టెంటులో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

“దీపం ముట్టియ్యకముందు ఎవలకు పెట్టం” అంది విమల.

“ఇప్పుడే కావాలమ్మా. బెల్లం, నెయ్యి వేయకండి. ఖాళీ కడుపు తట్టుకోలేదు. పాలు పోసి మెత్తగా మెదిపితే చాలు.”

విమలకు ఒళ్లు మండింది.

“మా కడుపులేమన్న నిండి ఉన్నయా? పొద్దటిసంది మంచినీళ్ల మీదనే ఉన్నం. బెల్లమొద్దు, గిట్ల చెయ్యి అననీకి ఇదేమన్న హోటలా?”

“రాష్ట్రమంటె ఇయ్యరు. గడ్డలు మాత్రం కావాల్నట!” వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

అతను తల వంచుకున్నాడు. కానీ కదల్లేదు.

“ఎన్నన్నా పడతానమ్మా. ముందు దుంప పెట్టండి.”

ఈ మనిషిని వదిలించుకుంటే చాలనుకుంది విమల. నాలుగు గడ్డలు వేరే గిన్నెలోకి విసిరి, పప్పుగుత్తితో మెదిపింది. పొద్దుటి నుంచి లోపల ఉడుకుతున్న కోపమంతా ఆ గడ్డల మీద చూపించింది. పీచులు ఏరి పారేసింది. చాయ్ కోసం ఉంచిన పాలు పోసింది. ముద్ద వెన్నలా అయ్యింది.

“ఇంకేమన్న కావాల్నా దొరవారికి?”

“చిటికెడు శొంఠి ఉంటే...”

“లేదు!”

సగం ముద్ద అతని టిఫిన్ గిన్నెలో కుక్కి, చేతిలో పెట్టింది.

“పట్టుకపో. మల్ల ఈ దిక్కు రాకు.”

“చల్లగా ఉండండి తల్లీ” అని అతను వెనక్కి తిరిగాడు. కంకర రాళ్ల మీద తూలుతూ, దాదాపు పరుగెత్తాడు.

“తిండికి గంత ఆరాటమేంది!” అంది శోభ.

పొద్దు గూకింది. దీపం పెట్టారు. మిగిలిన ఆ చప్పిడి ముద్దను శోభ రాజలింగానికి వడ్డించింది. ఆయన మొదట మొహం మాడ్చుకున్నాడు. తర్వాత గిన్నె అడుగు గీకుతూ, “గిదే మంచిగున్నది గదనే!” అన్నాడు.

రైల్ రోకో ముగిసింది. అందరూ పట్టాల మీద నుంచి లేచారు. ప్యాసింజరు కూత పెట్టి, మెల్లగా స్టేషన్ దాటి వెళ్లిపోయింది.

విమల తన వంతు ముట్టుకోలేదు. పట్టాల వెంట చూస్తూ నిలబడింది.

మసక వెలుతురులో ఎవరో నడిచి వస్తున్నారు. నడక తెలిసినదే.

ఎదురు పరుగెత్తింది. కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే కొడుకును దగ్గరికి లాక్కుంది.

“ఏడికి పోయినవ్ నాయినా? పొద్దటిసంది ఏమన్న తిన్నవా?”

“తిన్న.”

“ఏం తిన్నవ్?”

“కందగడ్డ. ఉత్తదే, పాలు పోసి పిసికింది.”

కొడుకు వీపు నిమురుతున్న విమల చెయ్యి ఆగిపోయింది.

“ఎవలు పెట్టిన్రు?”

దయాకర్ తల్లి కొంగు పట్టుకున్నాడు.

“మలుపు కాడ పట్టాల మీద కూసున్ననమ్మా. లేవొద్దనుకున్న. ఒకాయన వచ్చి రెక్కపట్టి లేపిండు. మూడు దినాలసంది ఏం తినలేదని చెప్పిన. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్న. నా పక్కన ఇంకొకాయనను కూసోబెట్టి, తనే పోయి తిండి తెచ్చిండు. మొత్తం తినేదాక కదలలేదు. ‘మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది, పో నాయనా’ అన్నడు.”

విమల కొంగుతో కొడుకు మొహం తుడిచింది.

“పేరన్న అడిగినవా బిడ్డా?”

“అడగలే.”

రైలు వెళ్లిన వైపు దయాకర్ చూశాడు. వెనక పెట్టె ఎర్ర దీపం కూడా కనబడటం లేదు.

“నన్ను జూసి బండి ఆపిన డ్రైవరమ్మా ఆయన.”