రేగులకుంట కేసు

“ఏవయ్యా లింగం, ఈ ఆదివారం కూడా చేపల్లేవా?” గేటు దగ్గర నిలబడి అడిగాడు వెంకటేశ్వరరావు.

“చేపలు యాడికెల్లి తేవాలె సారూ? మా రేగులకుంటనే ఎత్తుకపోయిన్రు!” లింగం సైకిలు మీది బుట్టని బోర్లించి చూపించాడు. “గింత మడుగు మిగిలింది. రేపో మాపో గదాన్ని గూడ మట్టి వోసి పూడుస్తరు. చేపలు వట్టుకొని బతికే ఇండ్లు నలభై ఉన్నయి. ఇగ మేం ఏం తినాలె?”

“ఎమ్మార్వో ఆఫీసులో చెప్పుకోవయ్యా,” అని వెంకటేశ్వరరావు లోపలికి వెళ్లిపోయాడు. లేక్ వ్యూ ఎన్‌క్లేవ్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్లకి లేక్ గురించి మాట్లాడాలంటే చిరాకే మరి.

మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న ఆయన కూతురు సహస్ర మాత్రం పుస్తకంలో వేలు పెట్టుకుని లేచి వచ్చింది. ఏడో తరగతి. స్కూలు లైబ్రరీలో ఉన్న పిల్లల డిటెక్టివ్ నవలలన్నీ నమిలి మింగేసింది. వాటిల్లో పిల్లలు ఇంటర్నెట్‌లో వెతికి వెతికి, పోలీసులకి దొరకని దొంగల్ని కూడా పట్టేస్తుంటారు. నగలు పోయిన కేసులున్నాయి, కుక్కపిల్ల పోయిన కేసుంది. చెరువు పోయిన కేసు ఒక్కటీ లేదు!

“తాతా, ఆఫీసుకి వెళ్లావా? ఏమన్నారు?”

“ఆడ చెరువు ఉండె అనెటందుకు రుజువేదంటున్నరు బిడ్డా. చెరువు నక్ష, గదే మ్యాపు, కానొస్తలేదట. పోరగాడున్నప్పటి సంది అండ్ల ఈత గొట్టిన సారూ అంటే నవ్విన్రు. రేపటికి కాయితం దెస్తేనే సరి, లేకుంటే ఇగ రావొద్దన్నరు.”

“నేను తెస్తా!”

లింగం ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. పాపం, నవ్వలేదు.

మధ్యాహ్నం ట్యూషనని చెప్పి సహస్ర గండిమైసమ్మ చౌరస్తాలోని నెట్ సెంటర్‌కి సైకిలు తొక్కింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు ఆ మధ్యే నెట్‌లోకి వచ్చాయి. బొమ్మ గచ్చు మీద టైల్స్ పరిచినట్టు ముక్కా ముక్కా వచ్చింది. రోడ్డు వచ్చింది, కల్వర్టు వచ్చింది, హైటెన్షన్ టవరు వచ్చింది.

“అన్నా, మా కాలనీ లేదేంటి ఇందులో?”

“గది మూడేండ్ల కిందటి ఫొటో పాపా. పైకెల్లి రోజూ తీస్తరా ఏంది?” అన్నాడు సెంటరతను.

టవరు నుంచి నాలుగో ఇల్లు తమది. సహస్ర వేలితో లెక్కపెట్టింది. నాలుగో ఇల్లు ఉండాల్సిన చోట నీళ్లు! చుట్టూ ఎటు చూసినా నీళ్లే. నవలల్లో దొంగ ఎప్పుడూ ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు. ఇక్కడ దొంగసొత్తు మీదే తన మంచం వేసి ఉంది. ఏడుపొచ్చింది. అయినా ప్రింటు తీయించుకుంది.

సాయంత్రం ఆ కాగితం చూసి తండ్రి కేకలేస్తాడనుకుంది. ఆయన వెయ్యలేదు. కుర్చీలో కూలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

“ఎవరికన్నా చూపించావా?”

“లేదు నాన్నా. నీకు ముందే తెలుసా?”

“కొన్నాక తెలిసిందమ్మా. ఇరవై ఏళ్ల లోను. ఇల్లు పోతే రోడ్డు మీద పడతాం. ఈ ఒక్క కేసూ వదిలెయ్ తల్లీ, నా మాట విను.”

ఆ పిల్ల వినలేదు. సోమవారం పొద్దున స్కూలు బస్సు రాకముందే, మడుగులోకి చొచ్చుకొచ్చిన గట్టు మీద, తన గుడిసె ముందు వల ఆరేసుకుంటున్న లింగాన్ని వెతికి పట్టుకుంది.

లింగం కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గుర్తుపట్టగానే కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. “గిదే బిడ్డా! గిదే మా కుంట! కండ్ల సూడనిక మల్ల దొరికె గదనే!” కుంట గట్టు వెంబడి వేలితో గీసి చూసుకుని అడిగాడు. “మరి మీ ఇల్లు యాడుంది గిండ్ల?”

సహస్ర నీళ్ల మధ్యలో వేలు పెట్టింది.

లింగం కాగితం మడిచి ఆ పిల్ల చేతిలోనే పెట్టేశాడు. “వద్దు బిడ్డా. మీ అమ్మా నాయిన పరేషాన్ అయితరు. మేం ఎట్లనో గట్ల బతుకుతం.”

“రుజువు దాచినవాడు కూడా దొంగే తాతా. పుస్తకాల్లో అలాగే ఉంటుంది,” అని కాగితం అతని జేబులో కుక్కి, ఏడుస్తూ బస్సు ఎక్కేసింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే కాలనీలోకి జేసీబీ వచ్చింది. వెనక జీపులో ఆఫీసరు, ఇద్దరు పోలీసులు. వెంకటేశ్వరరావు లోను కాగితాల ఫైలు గుండెకి హత్తుకుని గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. సహస్ర తండ్రి చొక్కా పట్టుకుంది. తప్పు చేశానా అని అప్పుడు భయమేసింది, నిజంగా.

జేసీబీ ఆగలేదు. ఆ ఇల్లు దాటింది, పక్క ఇల్లు దాటింది, కాలనీ మొత్తం దాటి మడుగు వైపు తిరిగింది. వెంకటేశ్వరరావు అక్కడే చతికిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాడు. సహస్ర మాత్రం జేసీబీ వెనకాల పరిగెత్తింది.

అక్కడ లింగం గుడిసెలోంచి గిన్నెలు బయటికి విసిరేస్తున్నారు. అతని భార్య ఐలమ్మ గుమ్మానికి అడ్డం పడి శాపనార్థాలు పెడుతోంది.

“ఏం అన్యాలం సారూ ఇది!” లింగం ఆఫీసరు కాళ్ల మీద పడ్డాడు. “చెరువుల గట్టింది గా కాలనీ గద! నా గుడిసె మీదికొచ్చిన్రేంది?”

ఆఫీసరు జేబులోంచి సహస్ర తెచ్చిన ఫొటోనే తీసి అతని ముందు పెట్టాడు.

“నువ్విచ్చిన రుజువే కదయ్యా. ఇందులో కాలనీ ఎక్కడుంది, చూపించు. చెరువులో కనిపిస్తున్నది నీ గుడిసె ఒక్కటే!”