ఆట రోజు గొడవ

చొక్కాకు గుండీ లేదని హాస్యనటుడు ఆ మధ్యాహ్నం భార్యతో గొడవ పెట్టుకున్నాడు.

ఆ గుండీ పొద్దున తనే తెంపాడు. గొడవకు ఏదో ఒక సాకు కావాలి కదా.

"ఇవాళ ఆట ఉందా?" అంది భార్య, తెగిన దారం చూస్తూ.

"ఉంటే ఏమిటట?"

"ఏం లేదు. చెప్పుంటే గుండీ నేనే తెంపి ఉంచేదాన్ని."

అతను తలుపు దబాలున వేసి బయటపడ్డాడు. ఏడేళ్ల కూతురు క్యాలెండర్ చూడకుండానే నాన్నకు ఆట ఎప్పుడో చెప్పగలదు.

అతని పని గంటసేపు వేదిక మీద ఒక్కడే నిలబడి, అప్పటికప్పుడు తట్టిన మాటలతో హాలంతా నవ్వించడం. కడుపులో ఏడుపు ఉంటేనే నోట నవ్వు పుడుతుందని అతనికి గట్టి నమ్మకం. దేవుడు ఏ కష్టమూ ఇవ్వలేదు. అందుకని తనే తయారు చేసుకునేవాడు.

హాలు వెనక గదిలో మేకప్ మాస్టారు ఎదురుచూస్తున్నాడు. అరవై దాటిన మనిషి. చేతులకూ నోటికీ ఒకేసారి పని చెబుతాడు.

మాస్టారు మొహానికి రంగు వేస్తూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. హాస్యనటుడు కళ్లు మూసుకుని 'ఊ' కొడుతూ మధ్యాహ్నపు గొడవను తలుచుకుంటాడు.

ఆ రోజు విసుగొచ్చింది.

"మాస్టారూ, మీకు అసలు బాధంటే ఏమిటో తెలుసా?"

"తెలీదు బాబూ. మా ఆవిడ దాన్ని గుమ్మంలోంచే పంపించేస్తుంది."

"అందుకే మీరు రంగులు పూస్తున్నారు, నేను నవ్విస్తున్నాను."

మాటలో ముల్లుంది. మాస్టారు మాత్రం హాయిగా నవ్వాడు.

"నిజమే. తల కాస్త ఇటు తిప్పండి."

ఆ సాయంత్రం హాలు పగలబడి నవ్వింది. గొడవ పనిచేసిందనుకున్నాడు హాస్యనటుడు. ఇంటికి వెళ్లి భార్యను మంచి చేసుకోవాలని మనసు పీకింది కానీ, వచ్చే ఆట చెడుతుందని ఊరుకున్నాడు.

ఆ తర్వాతి ఆటకు మాస్టారు రాలేదు. ఒంట్లో బాగాలేదట. అతని బదులు వచ్చిన అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని, పెదవి విప్పకుండా పని ముగించింది.

ఆ రోజు నవ్వులు పలచబడ్డాయి. పై ఆటకు ఇంకా తగ్గాయి.

గొడవల్లో పస తగ్గిందని తేల్చుకున్నాడు అతను. మోతాదు పెంచాడు. కూరలో ఉప్పుతో మొదలుపెట్టి, చనిపోయిన మామగారి దాకా వెళ్లాడు.

ఈసారి భార్య బట్టలు సర్దుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ మీ జనం బాగా నవ్వుతార్లెండి" అని వెళ్లిపోయింది.

ఇన్నాళ్లకు నిజమైన దుఃఖం దొరికింది. అద్దం ముందు కూర్చుంటే కన్నీళ్లు ఆగలేదు. ఇక తిరుగులేదనుకుంటూ వేదిక ఎక్కాడు.

ఒక్క మాటా తట్టలేదు. నవ్వాల్సిన చోట ముందు వరసలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు.

దిగి వచ్చాక మేనేజరు మెల్లగా చెప్పాడు.

"మాస్టారింటికి ఒకసారి వెళ్లి రండి సార్. ఆయన పోయి పది రోజులైంది. ఫోన్లో చెప్పాను, మీరు ఊ అన్నారు."

మర్నాడు పొద్దున వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. మాస్టారి భార్య కళ్లు వాచి ఉన్నాయి.

"రండి బాబూ. మీ మాట వచ్చేది రోజూ."

"మాస్టారు చాలా మంచివారండీ" అన్నాడు, పరామర్శకు వచ్చినవాళ్లు అనే మాటే.

"మంచివారో కాదో, నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు. నలభై ఏళ్లు నవ్వించారు నన్ను. అదిగో, ఆ పిల్లి. చాన్నాళ్లయినా కదలని చుట్టాల్ని చూసినట్టు చూస్తుందట మమ్మల్ని."

హాస్యనటుడు ఉలిక్కిపడ్డాడు. నిరుడు ఆ మాటకే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అది తనకే తట్టిందని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ఆవిడ మరొకటి చెప్పింది. ఆ తర్వాత ఇంకొకటి. అన్నీ తను వేదిక మీద అన్నవే.

"ఆటకు నాలుగు రోజుల ముందు నుంచీ నా మీద ప్రయోగించేవారు. నేను దేనికి పడీపడీ నవ్వితే అది ఏరి పెట్టుకుని, మీకు రంగు వేస్తూ చెప్పేవారు."

"కావాలనే చెప్పేవారా?" అన్నాడు అతను.

"కావాలనే. మీరే వేదిక ఎక్కొచ్చు కదండీ అని ఒకసారి పోరాను కూడా."

"ఏమన్నారు?"

ఆవిడ ఏడుపులోనే కాస్త నవ్వింది.

"'నాకు నువ్వొక్కదానివి నవ్వితే చాలే, పాపం ఆ అబ్బాయికి ఇంట్లో నవ్వే మనిషి లేనట్టుంది, హాలైనా నవ్వనీ' అన్నారు."