బొడ్డు కోసే కత్తి

"బురదలో నాలుగడుగులు సరిగా వెయ్యలేనివాడివి, మాకు పురుళ్ళు నేర్పుతావా బాబూ?" అంది పైడమ్మ, చేపలు కోసే కత్తిని కొంగుతో తుడుస్తూ.

డాక్టరు చదువుతున్న సోమసుందరం చెప్పులు చేతపట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. ఈ కొల్లేటి లంకలో ఒక కుటుంబం బాగోగులు చూసి నేర్చుకోమని కాలేజీవాళ్ళు అతన్ని నిన్ననే పంపారు. ఇవాళ ఆ ఇంట్లో పైడమ్మ కోడలు కనకరత్నానికి నొప్పులు మొదలయ్యాయి.

"ఆ కత్తిని కాసేపు నీళ్ళలో మరిగించండి, చాలండి."

"మీ ఊళ్ళో కత్తులు ఉడకేసుకు తింటారా? లంకలో సగంమందికి ఇదే బొడ్డు కోసింది. రాసుకో పుస్తకంలో."

"రాస్తానండి. ఈ ఇంట్లో పిల్లలెంతమందండి?"

"ఇదే మొదటిది."

తడిక వెనకనుంచి కనకరత్నం మూలుగు ఆపుకుని అంది. "మూడోది బాబూ. ముందు పుట్టిన ఇద్దరూ ఏడోరోజునే దవడలు బిగిసి, పాలు తాగలేక చచ్చిపోయారు."

"గాలి సోకింది," అంది పైడమ్మ.

"వాళ్ళకి బొడ్డు దేనితో కోశారండి?"

పైడమ్మ చేతిలోని కత్తికేసి చూసింది. కత్తి పిడి దగ్గర చేపపొలుసు ఒకటి ఇంకా అంటుకునే ఉంది. దాన్ని గోటితో గీకి తీసి, కత్తిని పొయ్యిమీది నీళ్ళకుండలో వేసింది.

"అలా చూస్తావేం డాక్టరుబాబూ? పొయ్యి ఊదు."