బెంచి వెనక మనిషి

"ఇంకో ప్లేటు వెయ్యి" అన్నాడు మెకానిక్, బెంచి మీద వెల్లకిలా పడుకునే.

"వెయ్యను బాబాయ్. ఉన్న బరువుకే కిందా మీదా పడుతున్నారు" అన్నాడు జిమ్‌లో కొత్తగా చేరిన కోచ్.

"ఎవరూ, నేనా? వేలైనా పెట్టిందేమో అడుగు మీ పిన్నిని!"

మెకానిక్ భార్య బెంచి వెనక, ఆయన తల దగ్గర నిలబడి ఉంది. రాడ్డు తడబడితే అందుకోవడం ఆమె పని. "నేనెందుకు పెడతాను? ఊరికే నిలబడి చూస్తున్నా. అంతా ఆయనదే" అంటూ అరచేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

కోచ్ ఆయన చేతుల వంక చూశాడు. బొటనవేలి పక్కన కండ కరిగిపోయి గుంట పడింది. ఇందాక చొక్కా గుండీలు విప్పింది కూడా ఆమే. నరాల జబ్బు. ముందుగా చేతుల్ని పట్టుకుంది. జిమ్‌లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆయన వచ్చినప్పుడు పాటల మోత కాస్త తగ్గిస్తారు, అద్దానికి దగ్గరగా ఉన్న బెంచి ఖాళీ చేసి ఇస్తారు. అంతే.

"సరే, ఉన్న బరువుతోనే ఇంకోసారి చెయ్యండి. నేను చూడాలి." కోచ్ వంగి, బెంచికి రెండు పక్కలా ఉన్న ఇనుప ఆపులు సరిచూశాడు. రాడ్డు జారినా మెడ మీద పడకుండా ఆపేవి అవే. "భుజాలు వెనక్కి లాగి బెంచికి ఆనించండి. పాదాలు నేలకి అదమండి. మణికట్టు వెనక్కి వాలకూడదు. మోచేతులు మరీ బార్లా చాపొద్దు. రాడ్డు దిగాల్సింది ఛాతీ కింది భాగానికి, గొంతు మీదకి కాదు."

"నీకు మీసాలు మొలవక ముందు నుంచీ ఇవన్నీ నాకు తెలుసు నాయనా" అని, మెకానిక్ తల వెనక్కి వంచి భార్యను చూశాడు. "ఏమే, నీక్కూడా చెప్పాలా? మోకాళ్ళు వంచు. నడుం వంచకు. ఇంకాస్త దగ్గరికి రా. అంత దూరం నుంచి అందుకుంటే నడుం పట్టేస్తుంది."

"బావుంది. ఎత్తేది మీరు, నడుం పట్టేది నాకా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతేగా!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే రాడ్డు కొక్కేల మీంచి లేచింది.

కోచ్ అద్దంలోకి చూశాడు. ఆమె పిడికిళ్ళు రాడ్డు చుట్టూ బిగిసి ఉన్నాయి. మెడ మీద నరాలు తేలాయి. ఆయన వేళ్ళు మాత్రం, నిద్రపోయే పిల్లవాడి చేతిలో గిలక్కాయలా, ఊరికే రాడ్డుకి ఆని ఉన్నాయి. రాడ్డు మెల్లగా ఛాతీ దాకా దిగింది. మెల్లగా పైకి లేచింది. కొక్కేల్లో పడి ఠంగుమంది.

"శభాష్! మొత్తం మీరే ఎత్తారు" అంది ఆమె, ఊపిరి అందక.

"చూశావుగా" అన్నాడు మెకానిక్. "ఇప్పుడు వెయ్యి ప్లేటు."

కోచ్ ఆ మాట విననట్టే, ఆమెను కుళాయి దగ్గరికి పిలిచాడు.

"పిన్నీ, ఆయన చేతుల్లో పిసరంత బలం కూడా లేదు. మొత్తం మీరే లాగుతున్నారు."

"గట్టిగా అనకు, వింటారు."

"మీ చెయ్యి జారితే?"

"జారదు."

"ఎన్నాళ్ళిలా ఆయన్ని మభ్యపెడతారు?"

ఆమె కుళాయి తిప్పి ఎర్రబడిన అరచేతుల్ని నీళ్ళ కింద పెట్టింది. "పొద్దున బ్రష్ చేతిలో నిలవలేదు. మూడుసార్లు కింద పడేసుకుని, చివరికి నోరు పుక్కిలించి ఊరుకున్నారు. ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఈల వేస్తారు. నాకు ఆ ఈల చాలు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు నాయనా." మొహం మీద నీళ్ళు కొట్టుకోసాగింది. కొట్టుకుంటూనే ఉంది.

కోచ్ బెంచి దగ్గరికి తిరిగి వచ్చాడు. చెప్తే ఒక మనసు విరుగుతుంది. చెప్పకపోతే, ఇలాగే బరువు పెంచుకుంటూ పోతే, ఏదో ఒక రోజు ఎవరి ఎముకో విరుగుతుంది. ఆయన పక్కన గొంతుకు కూర్చున్నాడు.

"బాబాయ్, బాధపడకండి. ఈ బరువు ఎత్తుతున్నది మీరు కాదు, పిన్ని."

మెకానిక్ తల తిప్పి కుళాయి వంక చూశాడు. "మెల్లగా మాట్లాడు. వింటుంది" అన్నాడు.

"అంటే... మీకు తెలుసా?"

"నా చేతులు నాకు తెలియవా? రాడ్డు చల్లగా తగులుతుంది నాయనా, బరువు తగలదు."

"తెలిసీ ప్లేటు మీద ప్లేటు వెయ్యమంటారా?" కోచ్‌కి కోపం ఆగలేదు. "ఆవిడ నడుం విరగ్గొట్టాలనా?"

కుళాయి చప్పుడు ఆగింది. మెకానిక్ గొంతు ఇంకా తగ్గించాడు.

"చేతుల తర్వాత కాళ్ళేనన్నాడు డాక్టరు. ఇద్దరికీ ఎదురుగానే చెప్పాడు. మంచం మీంచి నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టడం ఇప్పట్నుంచే నేర్చుకోవే అంటే చెవులు మూసుకుంటుంది. ఆ పూట మెతుకు ముట్టదు."

అడుగుల చప్పుడు దగ్గరైంది.

"ఆ చిన్న ప్లేటు వేసెయ్యి" అన్నాడు మెకానిక్. "దాంతో సరిగ్గా నా ఒంటి బరువవుతుంది."