ఆ కిటికీ వేయించండి

“ఎవరమ్మా నువ్వు? ఏంటలా మీద మీద పడి చూస్తున్నావ్?”

అంటూ అన్న అరిచిన అరుపుకి హాల్లో ఏడుపులు ఆగిపోయాయి.

తమ్ముడి శవం మీదకి వంగిన ఆవిడ ఉలిక్కిపడి లేచింది. నడివయసు మనిషి. భుజం మీద దూది అంటుకుని ఉంది.

“దిండ్లు కుట్టుకునేదాన్ని బాబూ.”

“మావాడు నీకు తెలుసా?”

“లేదు బాబూ...”

లోపలి గదిలో ఉన్న అమ్మని ఇంకా తీసుకురాలేదు. లారీ గుద్దేసిందని తెలిసినప్పటినుంచీ ఆవిడది ఒకటే మాట: “నా బిడ్డ ముఖం చూపించండ్రా.” గుండె జబ్బు మనిషి. తట్టుకుంటుందా అని ఇంటిల్లిపాదికీ బెంగ.

ఆసుపత్రిలో అన్నకి చూసే ధైర్యం లేకపోయింది. తల తిప్పుకునే సంతకం పెట్టొచ్చాడు. ఇంటికొచ్చాక దుప్పటి తీస్తే ముఖానికి ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

“బాబూ, ఆ కిటికీ వేయించండి. ఎండ చెంప మీద పడుతోంది,” అందావిడ.

అన్నకి ఒళ్లు మండింది.

“ముక్కూ మొహం తెలీనివాళ్లంతా పెత్తనం చేసేవాళ్లే! చావింట్లో చోద్యం చూడ్డానికొచ్చావా? నడు బయటికి!”

విసురుగా వెళ్లి కిటికీ రెండో తలుపు కూడా బార్లా తెరిచాడు.

ఆవిడ తల వంచుకుని మెట్లు దిగిపోయింది.

అంతలో అమ్మని నడిపించుకొచ్చారు. గుమ్మంలో నిలబడ్డ ఆసుపత్రి బండి డ్రైవరు ఒక్క అంగలో వెళ్లి కిటికీ మూసేశాడు.

అమ్మ వంగి చాలాసేపు చూసింది.

“ఒక్క గీతైనా పడలేదురా నాయనా! నిద్రపోతున్నట్టే ఉన్నావు కదరా!”

నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

అన్న డ్రైవరుని పక్కకి లాగాడు. “నీక్కూడా ఏంటయ్యా ఆ కిటికీ గోల?”

“మెల్లిగా సార్. చెంప చెవిదాకా చీలిపోయింది. ఆసుపత్రిలో మావాళ్లు కుడితే గోనెసంచి కుట్టినట్టుంటుంది. తల్లి చూడాలంటోందని చెబితే, మా వీధిలో దిండ్లు కుట్టే అక్క తనే బయల్దేరొచ్చింది. దూది కూరాక దిండు మూతి మూస్తారే, అలాగే కుట్టింది. ఈ అంచు లోపల్నుంచి ఒక కుట్టు, ఆ అంచు లోపల్నుంచి ఒకటి. దారం లాగితే కుట్టు కనపడదు. ఎండలో తెలిసిపోతుందేమోనని ఒకటే హైరానా పడింది. ఒక్కసారి చూసుకుని పోతానంటే నేనే తీసుకొచ్చా.”

అన్న వీధిలోకి పరుగెత్తాడు. ఆవిడ ఎక్కడా లేదు.

సిగ్గుతో అక్కడే కూలబడిపోయాడు.

తను చూడలేక తల తిప్పుకున్న ముఖాన్ని ఒళ్లో పెట్టుకుని కుట్టిన మనిషిని పట్టుకుని, చోద్యం చూడ్డానికొచ్చావా అన్నాడు.